గుంతమాను కింది తల్లిమన్ను

రాజంపేటకు పడమర, పాలకొండల కింద, గుండ్లమడుగు అని ఒక చిన్న ఊరుంది. 1957లో ఆ ఊరి పక్కన సర్కారు వాళ్ళు ఎర్రచందనం మొక్కలు పెంచడానికి ఒక మడి పెట్టారు. నర్సరీ అనే మాట ఊళ్ళో ఎవరి నోటా తిరగలేదు. అందరూ మొక్కల మడి అనేవాళ్ళు. చుట్టూ కంపకంచె, మధ్యలో రేకుల షెడ్డు, ఒక మూల బావి, బావి పక్కన సిమెంటు తొట్టి. పొద్దున్నే పదిమంది ఆడవాళ్ళు వచ్చి, అడుగున చిల్లులు పొడిచిన కిరసనాయిలు డబ్బాలతో వరసగా మళ్ళ మీద నీళ్ళు చల్లేవాళ్ళు. ఎండ ఎక్కకముందే ఆ పని అయిపోవాలి. ఆ తర్వాత కలుపు తీయడం, మన్ను జల్లించడం, ఊరి కబుర్లు.

ఆ పదిమందికీ పెద్ద సోమక్క. వయసు నలభై మూడు. కొండ మీద ఏ మాను ఎప్పుడు కాయ రాలుస్తుందో, ఏ కాయను ఎన్నిరోజులు పేడనీళ్ళలో నానబెడితే మొలక వస్తుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆమెకు ముక్కుమీద కోపం. ఆ సంగతీ అందరికీ తెలుసు. ఆ కోపం ఊరికే రాలేదు. ఐదేళ్ళ కిందటి కరువులో మొగుడు తిమ్మయ్య పని వెతుక్కుంటూ మద్రాసు పోయి మళ్ళీ కనిపించలేదు. తొమ్మిది నెలల ఆడపిల్ల పాలు లేక సోమక్క ఒళ్ళోనే కన్నుమూసింది. ఊళ్ళోకి గంజికేంద్రం వచ్చింది బిడ్డ పోయిన నాలుగో రోజున. పళ్ళెం పట్టుకుని రమ్మని దండోరా వేస్తే సోమక్క వెళ్ళి, ఆ గంజి కాగులో ఉమ్మి వచ్చింది. ఆ నాలుగు రోజుల ఆలస్యానికి ఆమె ఎవరినీ క్షమించలేదు. ఎవరు మాత్రం క్షమిస్తారు.

ఆ ఊళ్ళో పాలు తాగే బిడ్డలు పోతే కాల్చరు, పూడుస్తారు. పూడ్చే చోటు కొండవాలులో ఒక గుంత. గుంత నడుమ నలుగురు చేతులు కలిపినా చుట్టూ అందనంత ముసలి ఎర్రచందనం మాను ఉంది. దాన్ని గుంతమాను అనేవాళ్ళు. చుట్టూ నేలంతా ఎర్రటి గరుసు, ఆ మాను కింద మాత్రం నల్లటి మెత్తటి మన్ను. చూస్తే చెయ్యి పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ మన్నులో గడ్డిపోచ కూడా బతకదు. ఏటా తొలివానకు దాని కాయలే దాని కింద మొలుస్తాయి, వారం తిరగకుండా అన్నీ ఒరిగిపోతాయి. పూడ్చి వచ్చినవాళ్ళు దారిలోని వంకనీళ్ళలో మోకాళ్ళ దాకా కాళ్ళు కడుక్కుని, పారనూ గంపనూ కడిగి, వెనక్కి తిరగకుండా ఇల్లు చేరాలి. వెనక ఏం వినిపించినా సరే తిరగకూడదు. ఆ మన్ను రవ్వంత కూడా గడప దాటకూడదు. ఇది ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు గానీ, తప్పినవాళ్ళు ఊళ్ళో లేరు.

రేంజరు పేరు నారాయణ, కృష్ణానది ఒడ్డునుంచి బదిలీ అయి వచ్చిన మనిషి. చెడ్డవాడేమీ కాదు. కూలీలను కసురుకునేవాడు కాదు. కాకపోతే తొందర మనిషి, పుస్తకం మనిషి. వచ్చే ఏడు వనమహోత్సవానికి నలభై వేల మొక్కలు ఇస్తానని పై ఆఫీసులో మాట ఇచ్చి వచ్చాడు. ఆషాఢంలో విత్తనం పోయడానికి మళ్ళు సిద్ధమయ్యాక తల్లిమన్ను సంగతి వచ్చింది. ఏ చెట్టు విత్తనం పోస్తే ఆ చెట్టు కింది మన్ను నాలుగు గంపలు మడిలో కలపాలి, అప్పుడే వేరు గట్టిగా పట్టుకుంటుందని ఆడవాళ్ళ అలవాటు. రేంజరు చదివిన పుస్తకంలోనూ అదే ఉంది. ఆ ఒక్క విషయంలో పుస్తకానికీ సోమక్కకూ పేచీ లేదు.

పేచీ వచ్చింది ఎక్కడి మన్ను అన్నదాని మీద. ఏ మాను కింద దాని పిల్లమొక్కలు పచ్చగా నిలబడి ఉంటాయో ఆ మాను కిందే మన్ను తీయాలని సోమక్క లెక్క. అలాంటి మాన్లు కొండ మీద రెండు మైళ్ళ పైన ఉన్నాయి. గంపలతో మోస్తే పదిరోజుల పని. గుంతమాను దగ్గరికైతే బండి పోతుంది. రేంజరు వెళ్ళి చూసి, ఆ నల్లమన్ను పిడికెడు పట్టుకుని మురిసిపోతూ వచ్చాడు.

"అది వద్దు సార్," అంది సోమక్క. "దాని కింద దాని బిడ్డే నిలబడదు. మన బిడ్డలు యాడ నిలబడతాయి?"

నీడ వల్ల నిలబడటం లేదని ఆయన నచ్చజెప్పాడు. ఆమె అప్పుడు పసిబిడ్డల సంగతి చెప్పింది. తన బిడ్డ కూడా అక్కడే ఉందని మాత్రం చెప్పలేదు. రేంజరు ముఖం కాస్త చిన్నబోయింది. పూడ్చిన చోట ముట్టుకోము, పైపొర గీసుకుని వస్తాము అన్నాడు. మీకు మనసొప్పకపోతే చెప్పండి, రాజంపేట నుంచి కూలీలను లారీలో పిలిపిస్తాను అని కూడా అన్నాడు. బెదిరించాలని అన్న మాట కాదది. కానీ సోమక్కకు ఒళ్ళు మండింది. రాజంపేట కూలీలకు ఎవరి బిడ్డ ఎక్కడ పడుకుందో ఏం తెలుస్తుంది? వాళ్ళ పార ఎక్కడ పడుతుందో ఎవరు చూస్తారు? ఆ ఒక్క కారణంతో ఆమె తనే పార భుజాన వేసుకుని బండి ముందు నడిచింది.

బండి తోలింది మడికి కాపలా ఉండే గోపన్న. మిట్టమధ్యాహ్నం గుంతకు చేరారు. గాలి లేదు. పిట్ట కూత లేదు. మాను బెరడు పగిలి, పగుళ్ళలోంచి ఎర్రటి బంక కారి గడ్డకట్టి ఉంది. ఎండకు నేలంతా పెనంలా కాలుతుంటే ఆ మన్ను మాత్రం చల్లగా, తడిగా ఉంది. నెలరోజులుగా చినుకు లేదు. ఆ తడి ఎక్కడిదని గోపన్న అడిగాడు.

సోమక్క ముందే గీత గీసింది. గీతకు ఇవతల తవ్వండి, అవతల అడుగు పెట్టొద్దు. ఆడవాళ్ళకు చెప్పాల్సిన పనే లేదు, వాళ్ళలో ముగ్గురికి గీత అవతల బిడ్డలున్నారు. మూడు బండ్ల మన్ను ఎత్తేదాకా అంతా సవ్యంగానే జరిగింది. నాలుగో బండికి రేంజరు వచ్చాడు. గీత సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. గీత అవతల మాను వేరు పక్కన ఒక గుండ్రాయి ఉంటే, బూటు కాలితో దొర్లించి, దాని కింద చెయ్యి పెట్టి, ఇదిగో అసలైన మన్ను ఇక్కడుంది అని తన చేతులతో గంప నింపాడు.

ఆ గుండ్రాయి ఐదేళ్ళ కిందట సోమక్క వంకలోంచి ఒంటరిగా మోసుకొచ్చి పెట్టింది. నక్కలు తవ్వకుండా.

ఊరందరి మీదా అరిచే సోమక్క ఆ రోజు నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఆమెకే తెలియదు. రేంజరు గంప ఎత్తి ఇస్తే తలమీద పెట్టుకుంది. బండి దాకా మోసింది. నాలుగు అడుగులు నడిచేసరికి గంప నుంచి మన్ను రాలి మెడ మీదికీ, మోకాళ్ళ మీదికీ జారింది. ఆమె తుడుచుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వంక ఎండిపోయి ఉంది. మడి దగ్గర తొట్టిలో నీళ్ళున్నాయి. ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కోబోతే రేంజరు వద్దన్నాడు. బావిలో ఊట తగ్గింది, విత్తనాలకే నీళ్ళు చాలడం లేదు, కాళ్ళు కడుక్కునే పని ఇళ్ళ దగ్గర పెట్టుకోండి అన్నాడు. అంతే, సోమక్క గంప నేలకేసి కొట్టి ఇంటిదారి పట్టింది. దారిపొడుగునా ఆయన్నీ, ఆయన బూట్లనీ, ఆయన్ను పంపిన ఆఫీసునీ తిట్టింది. వాళ్ళందరికంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంది.

ఇంట్లో పెద్దకూతురు సిద్దమ్మ పురిటికి వచ్చి ఉంది. ఆరురోజుల ఆడబిడ్డ చాటలో పాతచీర మీద నిద్రపోతోంది. సోమక్క నేరుగా లోపలికి వెళ్ళి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. బిడ్డ వేడి తగిలేసరికి కోపం కొంచెం కొంచెంగా దిగింది. దిగాక చూసుకుంది. తన మోకాళ్ళు నల్లగా ఉన్నాయి. బిడ్డ గుడ్డ మీద నల్లటి మరక.

కోపంలో కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయింది.

బిడ్డకు వేడినీళ్ళు పోసింది. గుడ్డ కాల్చేసింది. గడప కడిగి పసుపు రాసింది. సిద్దమ్మ అడిగితే మడి దగ్గర బురద అయిందని చెప్పి ఊరుకుంది.

పన్నెండో రోజుకు మొలకలు వచ్చాయి. నలభై మళ్ళలో పచ్చగా, ఒత్తుగా లేచాయి. రేంజరు పసిపిల్లవాడిలా మళ్ళ మధ్య తిరిగాడు. ఆడవాళ్ళకు బెల్లం పంచాడు. సోమక్క తన వంతు బెల్లం గట్టు మీద పెట్టి వచ్చింది. మొలకలు బాగున్న కొద్దీ ఆమెకు భయం తగ్గాల్సింది పోయి పెరిగింది.

తర్వాత ముసురు పట్టింది. ఆ సీమలో వాన కోసం ఏడ్చినవాళ్ళే గానీ వానను చూసి విసుక్కున్నవాళ్ళు లేరు. అలాంటిది నాలుగు రోజులకే అందరికీ విసుగొచ్చింది. పొద్దు కనపడదు. పగలంతా మునిమాపులా ఉంటుంది. కొండ మీద మబ్బు దిగి కూర్చుంది. గుడ్డలు ఆరవు, పొయ్యి రాజుకోదు. మడిలో కుళ్ళిన ఆకు వాసనతో పాటు ఇంకో వాసన. విరిగిన పాల వాసన.

ఒక పొద్దున ఏడో మడిలో అరచేయంత మేర మొక్కలు ఒరిగిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. కాండం నేలను తాకే చోట మాత్రం దారంలా సన్నబడి, నల్లబడి, మెడ విరిగినట్టు వాలిపోయాయి. రేంజరు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చూశాడు. నారుకుళ్ళు అన్నాడు. మన్నులో కంటికి కనపడని బూజు ఉంటుందనీ, పెద్దమానును అది ఏమీ చేయలేదు గానీ లేతమొక్కను మెడ దగ్గర కొరికేస్తుందనీ చెప్పాడు. ముసలి మాను కింద ఏళ్ళ తరబడి దాని పిల్లలే మొలిచి చస్తుంటే, ఆ బూజు ఆ తిండికే మరిగి అక్కడే పేరుకుంటుంది. అందుకే ఏ చెట్టయినా తన విత్తనాన్ని గాలికిచ్చి దూరం పంపుతుంది, దూరం పోయిన బిడ్డే బతుకుతుంది. ఇదంతా చెప్పి, తల వంచుకుని, నువ్వన్నదే నిజమమ్మా అన్నాడు.

ఆ మాటకు సోమక్క కోపం చల్లారలేదు సరికదా రెట్టింపయింది. మన్ను ఇంటిదాకా వచ్చాక నిజం ఎవరికి కావాలి?

మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు తెచ్చి చల్లారు. ఒరిగిన మొక్కలు పీకి కాల్చారు. మర్నాడు తొమ్మిదో మడి దాకా ఒరిగాయి. మూడోరోజు పన్నెండో మడి దాకా. మళ్ళ మధ్య మూరెడు వెడల్పు గట్లున్నాయి, గట్ల మీద గులకరాళ్ళు పరిచి ఉన్నాయి. బూజు వాటిని ఎలా దాటిందో రేంజరుకు అంతుపట్టలేదు. పుస్తకం తిరగేస్తూ షెడ్డులో కూర్చున్నాడు.

గోపన్న సోమక్కను పక్కకు పిలిచాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అక్కా, తెగులు గుండ్రంగా పాకుతాది. నేను శానా మళ్ళు చూసినా. ఇది అట్ల లేదు. ఇది యాడికో పోతాండాది."

సోమక్క గట్టు మీద నిలబడి చూసింది. ఏడో మడి నుంచి పన్నెండో మడి దాకా ఒకే వరస. ముందు పక్కపక్కన రెండు చిన్న మచ్చలు. వాటి వెనక ఒక గుండ్రటి మచ్చ, దాని ఎడమన జానెడు పొడుగు గీత. మళ్ళీ రెండు చిన్నవి. మళ్ళీ గుండ్రటిది, గీత. మళ్ళీ... మళ్ళీ...

రెండు అరచేతులు. ఒక మోకాలు. ఈడ్చిన కాలు.

కరువు ఏడు ఆమె బిడ్డ అలాగే అంబాడేది. ఎడమకాలిలో బలం లేక ఈడ్చుకుంటూ, కుడి మోకాలితో నెట్టుకుంటూ, గడప దాకా వచ్చి చేతులు చాచేది. ఆ సంగతి ప్రపంచంలో సోమక్కకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఏడో మడిలో పోసిన మన్ను రేంజరు చేతులతో నింపిన ఆ గంపదే. ఆ జాడ పోతున్న వైపు మడి వాకిలి. వాకిలి అవతల ఊరికి పోయే కాలిబాట. ఆ రోజు ఆమె కాళ్ళు కడుక్కోకుండా నడిచిన బాట.

నాలుగోరోజు కంచె బయట తుమ్మిమొక్కలు ఒరిగి ఉన్నాయి. ఐదోరోజు బాట మలుపులో తంగేడు మొలకలు. సోమక్క ఆ సాయంత్రం గడపకు వేపమండలు కట్టింది. సిద్దమ్మను బయటికి రానివ్వలేదు. తలుపు దగ్గర చాపేసుకుని కూర్చుంది. తెల్లవార్లూ వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తెల్లారి చూస్తే ఇంటి గోడ వారన ఆమె పెట్టిన సొరమొలకలు ఒరిగి ఉన్నాయి. ఎనిమిది మొలకల్లో ఏడు. ఎనిమిదోది గడప పక్కన నిలబడి ఉంది.

లోపల సిద్దమ్మ బిడ్డ గురించి చెప్పింది. ఇరవై ఆరు రోజుల బిడ్డ నిన్నటి నుంచి పాలకు ఏడవడం లేదట. నోటికందిస్తే తాగడం లేదట. తలుపు వైపే చూస్తోందట.

"నవ్వుతాండాదమ్మా," అంది సిద్దమ్మ. "ఎవరో ఆడిస్తాండినట్ల."

సోమక్క బయటికి వచ్చి గడప మీద కూర్చుంది. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు కోపమే వచ్చింది. ఐదేళ్ళుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. కానీ అరవలేదు. ఒరిగిన మొలకల వైపు వంగి చాలా మెల్లగా చెప్పింది.

"నీకు పాలియ్యలేకపోయినా. నా తప్పే. నీ మీద రాయి పెట్టింది నేనే, ఆ రాయి తీస్తాంటే చూస్తా నిలబడింది నేనే. ఏం కావాలన్నా నన్ను అడుగు. ఈ బిడ్డ జోలికి రావద్దు."

వాన ఆగింది. చూరు నుంచి చుక్కలు పడటం కూడా ఆగింది.

ఎనిమిదో సొరమొలక ఆమె చూస్తుండగానే ఒరిగింది. ఎవరో మెడ పట్టి వంచినట్టు... మెల్లగా... గడప వైపుకు.

సోమక్క లేచి మడికి పరుగెత్తింది. పార అందుకుని ఏడో మడిలో ఆ గంప మన్ను పోసిన చోట తవ్వింది. మిగిలిన మొక్కలు, మైలుతుత్తం నీళ్ళు, మన్ను, అన్నీ గంపలోకి ఎత్తింది. రేంజరు షెడ్డులోంచి వచ్చి ఏమిటిదని అడిగాడు. ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ, మీరు దొర్లించిన రాయి కింద ఉండేది నా బిడ్డ అని ఒక్క మాట చెప్పింది. ఆయన వంగి బూట్లు విప్పాడు. గంప నేను మోస్తానమ్మా అన్నాడు.

"నువ్వు తాకింది చాలు సార్," అంది సోమక్క.

గుంత దాకా ఒంటరిగా నడిచింది. ఇంకా మధ్యాహ్నం కాలేదు, అయినా కొండ కింద చీకటి. మబ్బు మాను కొమ్మల్లోకి దిగి ఉంది. నిండుగంప తడిమన్ను తలమీద ఉంటే మెడ దిగిపోవాలి. ఆమె మెడ దిగలేదు. గంపలో పొట్టు ఉన్నట్టుంది. దారిలో రెండుసార్లు దించి చూసుకుంది. మన్ను నిండుగానే ఉంది.

వేరు పక్కన గంప బోర్లించింది. చేతులతో సర్దింది. గుండ్రాయి తెచ్చి మళ్ళీ దాని మీద పెట్టింది. ఏదో ఒకటి జరుగుతుందని నిలబడి చూసింది. ఏమీ జరగలేదు. మన్ను మన్నులాగే ఉంది. తెచ్చింది ఒట్టి మన్నేనేమో అన్న అనుమానం వచ్చింది. అయినా తిరిగి నడిచింది.

పది అడుగులు వేసింది.

వెనక బిడ్డ ఏడ్చింది.

సన్నగా. ఊపిరి అందనట్టు. ఆగి... మళ్ళీ. మాను మొదట్లోనే.

సోమక్క ప్రాణం లేచి వచ్చింది. ఉంది, ఇక్కడే ఉంది, నా వెంట రాలేదు. తిరిగి చూడాలని మెడ లాగింది. పళ్ళు బిగపట్టింది. తిరగలేదు. కట్టుబాటు ఒకసారి తప్పినందుకు ఇంత జరిగింది, రెండోసారి తప్పేది లేదు. ఏడుపు పెరిగింది. గుక్కపట్టింది. ఏడ్చుకో తల్లీ, ఏడ్చుకో అనుకుంటూ, కళ్ళు తుడుచుకోకుండా, వేగంగా నడిచింది. వంకలో నీళ్ళు పారుతున్నాయి. మోకాళ్ళ దాకా దిగింది. కాళ్ళు, చేతులు, మెడ రుద్ది రుద్ది కడుక్కుంది. గంప కడిగింది. గోళ్ళలో మన్ను పుల్లతో తీసింది. తొందరపడలేదు. ఏదీ మరిచిపోలేదు. ఏడుపు అక్కడికీ వినపడుతూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి సిద్దమ్మ బిడ్డను చంకనెత్తుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. రెండురోజులకు ఆమె ముఖంలో నవ్వు కనపడింది.

"అమ్మా, చూడు," అంది. "మెడ నిలిపినాది."

సిద్దమ్మకు అది తొలిచూలు. బిడ్డ మెడ నిలపడానికి మూడో నెల రావాలని ఆమెకు తెలియదు. సోమక్కకు తెలుసు. ఇరవై ఆరు రోజుల బిడ్డ తల్లి భుజం మీద మెడ నిటారుగా పెట్టి సోమక్కనే చూస్తోంది. చూస్తూ చూస్తూ రెండు చేతులూ చాచింది. ఎత్తుకోమన్నట్టు. తర్వాత నోరు తెరిచి నవ్వింది. కింది చిగుళ్ళ మీద రెండు పాలపళ్ళు.

సోమక్క చేతిలోంచి గంప జారింది. గుంత దగ్గర విన్న ఏడుపు ఆమె చెవుల్లో మళ్ళీ మెదిలింది. అంత సన్నటి గొంతు. అంత చిన్న ఊపిరి. తొమ్మిది నెలల బిడ్డ అలా ఏడవదు.

సిద్దమ్మ తల్లి ముఖం చూడలేదు. కొండ వైపు చెవి పెట్టి ఏదో వింటోంది. చంకలో బిడ్డ పాలు అడగడం లేదు. అయినా సిద్దమ్మ రవికె ముందరంతా తడిసిపోయి ఉంది.

"యాడనో పసిబిడ్డ ఏడుస్తాండాది అమ్మా," అంది మెల్లగా. "వింటాంటే నాకు పాలు చేపుతాండాయి."